బాషా సార్ మూసిన ఐదో దారి

2006 మే 2, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలు. మొన్న మా ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె మీద దుమ్ము తుడవబోతే అది చేతికి వెచ్చగా తగిలింది. కాగిన ప్లాస్టిక్కూ దుమ్మూ కలిసిన వాసన ముక్కుకు సోకింది. ఆ వాసనతో పాటే ఆ తేదీ, ఆ గంట, ఆ నిమిషం వచ్చి నా ముందు నిలబడ్డాయి. గుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే కుర్చీలో కూలబడ్డాను. నాకిప్పుడు డెబ్బై రెండేళ్లు. చూసినవన్నీ గుర్తుండవు, రాసుకున్నవి మాత్రం గుర్తుంటాయి. ఆ నిమిషాన్ని నేను పుస్తకంలో రాసుకున్నాను. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోను: లారీలు తూచే కాటా దగ్గర కంప్యూటర్లు నిలిచిపోతున్నాయి, లారీలు బారులు తీరాయి, మీ లైను సంగతి చూడండి అని. దాని వెనకాల ఒక మనిషి బతుకుదెరువు ఉందని ఆ నిమిషాన నాకు తెలియదు. ఖాదర్ బాషా సార్ అనే మనిషి అసలు ఎలాంటివాడో కూడా, ఆయన దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్నా, నాకు పూర్తిగా తెలియదు.

నేను ప్రొద్దుటూరులో నూనెగింజల అంగడి నడిపే ఇంట్లో పుట్టాను. చాలా ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాను. చేత్తో లైన్లు కలిపే బల్లలు పోయాక ముందుగానే పదవీ విరమణ తీసుకుని, 2003 ఆగస్టు 4, సోమవారం నాడు కడపలో ఒక చిన్న ప్రైవేటు సంస్థలో చేరాను. జిల్లాలోని ఫ్యాక్టరీలకూ, ఆసుపత్రులకూ, ఆఫీసులకూ కంప్యూటర్ లైన్లు ఇచ్చే సంస్థ అది. పెద్దాఫీసు హైదరాబాదులో ఉండేది. ఇక్కడ రెండో అంతస్తులో ఒక చల్లటి గది, అందులో బీరువా అంత ఇనుప చట్రం, ఆ చట్రంలో స్విచ్. ఆ గదికి అధికారి బాషా సార్. కర్నూలు పాతబస్తీ మనిషి, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఏళ్లు చేసి వచ్చినవాడు. అప్పటికి యాభై ఆరేళ్లు. ఏటా జూన్ 30న సంస్థవాళ్లు ఇంకో ఏడాదికి కాగితం ఇస్తేనే ఆయన ఉద్యోగం నిలిచేది. ఎడమ చెవి సరిగా వినపడదు. ఏసీ చలికి తట్టుకోలేక, బయట రాళ్లు పగిలే ఎండ కాస్తున్నా గదిలో మాత్రం మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చునేవాడు. జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. ఎవరికీ పెట్టేవాడు కాదు.

చేరిన రోజే నన్ను స్విచ్ ముందు నిలబెట్టి అడిగాడు. "సుబ్బమ్మా, మీ నాయన ఊర్లకు సరుకు పంపేటప్పుడు మూట మీద ఏమి రాస్తాండె?"

"తూకం సార్."

"అందుకున్నోడు ఏమి చేస్తాండె?"

"మళ్లీ తూచుకుంటాండె. తేడా వస్తే మూట తీసుకోకుండా మా నాయన్ని తిడ్తాండె."

"ఈడ తిట్టు ఉండదు. దాని బదులు ఒగ అంకె పెరుగుతాది. మిగతాదంతా మీ అంగడే పో," అన్నాడు.

నాకు ఆ ఒక్క మాటతో యంత్రం అర్థమైంది. లైన్ల మీద పోయే సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది. ప్రతి పొట్లం చివర పంపినవాడు ఒక మొత్తం వేసి పంపుతాడు, అందుకున్న యంత్రం మళ్లీ కూడి చూస్తుంది. తేడా వస్తే ఆ పొట్లాన్ని పారేసి, తప్పుల లెక్కలో ఒకటి పెంచుతుంది. స్విచ్ అంటే ఎర్రగుంట్ల జంక్షన్ లాంటిదని చెప్పాడు. నలభై ఎనిమిది పోర్టులు ప్లాట్‌ఫారాలు. నడుమ ఉన్న చిప్పు ఏ బండి ఏ పట్టాల మీదికి పోవాలో తేల్చుతుంది. పోర్టులు కార్డులనే పలకల మీద ఉంటాయి. చిప్పు నుంచి ఒక్కో కార్డుకు ఎనిమిది దారులు. సమాచారాన్ని ముక్కలు చేసి ఆ ఎనిమిది దారుల్లో పంపి, అవతల మళ్లీ కూరుస్తుంది. ఆ ఎనిమిది దారుల సంగతి నేను ఆ రోజు విన్నాను, మరుసటి రోజుకు మరిచాను. ఎందుకంటే మమ్మల్ని ఎవరూ వాటి గురించి అడగలేదు. పెద్దాఫీసు అడిగేది పోర్టుల తప్పుల లెక్క మాత్రమే.

ఆయనకు గిట్టని మాట ఒకటుంది. గదిలోకి వస్తూనే "ఎట్లుండాది?" అనేవాడు. మొదట్లో ఒకసారి నేను "బాగానే ఉంది సార్" అన్నాను. కుర్చీలో కూర్చోబోయినవాడు లేచి నిలబడ్డాడు. "బాగుండాది అనేది పెండ్లిచూపులకు పోయొచ్చినోళ్ల మాటమ్మా. నాకి అంకె చెప్పు. ఎంత, ఎప్పట్నుంచి?" నాకది నచ్చింది. నేను అంకెల మనిషిని. మరుసటి ఉదయం నుంచి ఎనిమిది గంటలకల్లా నలభై ఎనిమిది పోర్టుల లెక్కలూ పుస్తకంలో గళ్లు గీసి రాసి, ఆయన తొమ్మిదిన్నరకు వచ్చేసరికి బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన ఆ పుస్తకం తిరగేసి, "మిలిటరీలో గూడ ఇట్లాంటి చేతిరాత సూడలేదు," అన్నాడు ఒకరోజు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ మెప్పే నన్ను చెడగొట్టింది.

అక్కడో ఆచారం ఉండేది. రాసిన వెంటనే లెక్కను సున్నా కొట్టాలి. అప్పుడు రేపటి అంకె రేపటిదే అవుతుంది, తీసివేతలు చెయ్యక్కర్లేదు. ఒక్కొక్క పోర్టుకూ విడివిడిగా సున్నా కొట్టాలని కాగితంలో ఉంది. అంటే నలభై ఎనిమిది సార్లు. నేను చేరిన వారంలోనే అన్నింటినీ ఒకేసారి సున్నా చేసే ఆదేశం కనిపెట్టాను. ఒక్కటి నొక్కితే తెర నిండా సున్నాలు. ముగ్గు పెట్టిన వాకిలి చూసినట్టు ఆ సున్నాలను చూసుకుని మురిసేదాన్ని. ఆ ఆదేశం పోర్టులతో ఆగకుండా లోపలి దారుల లెక్కలు కూడా తుడిచేస్తోందని నాకు తెలియదు. నేను అట్లా చేస్తున్నానని బాషా సార్‌కు తెలియదు.

ఇప్పుడు ఏసోబు గురించి చెప్పాలి. భూమిలో పాతిన గాజు తీగలు తెగితే అతికేవాడు. ఎర్రగుంట్లకు దగ్గరి పల్లెలో మూడెకరాల మెట్ట, చర్చి పక్కనే ఇల్లు. ముప్పై ఎనిమిదేళ్లు. వెంట్రుకంత తీగ రెండు కొసలను ఎండలో, దుమ్ములో, గొడుగు కింద కూర్చుని అతికితే అతుకు ఎక్కడుందో యంత్రం కూడా వెతుక్కోవాల్సి వచ్చేది. ఏప్రిల్ 20న రోడ్డు పనివాళ్ల యంత్రం ఎర్రగుంట్ల దారిలో మా తీగను తెంపింది, ఏసోబు అతికాడు. పన్నెండు రోజులకు, మే 2న, ఆ లైనులోనే తప్పులు మొదలయ్యాయి. ఇంకేముంది, అందరి వేళ్లూ అతుకు వైపే చూపించాయి. పెద్దాఫీసు చెబితే ఏసోబు ఆ అతుకు విప్పి మళ్లీ వేశాడు. తప్పులు ఆగలేదు. మళ్లీ విప్పి వేశాడు. ఆగలేదు.

మే 8, సోమవారం ఉదయం ఆరు గంటలకు బాషా సార్ మా వైపు స్విచ్‌ను పరీక్షించాడు. ఎర్రగుంట్ల తీగను పోర్టులోంచి ఊడదీసి, మూరెడు తీగతో మా పోర్టు పంపేదాన్ని మా పోర్టే అందుకునేలా కలిపాడు. "ఎదుటోని ఇంటి తలుపు కొట్టేముందు మన ఇంట్లోనే ఒగసారి పిల్చి సూడల్ల," అన్నాడు. అప్పుడు తప్పులు వస్తే దోషం మాది, రాకపోతే బయటి తీగది. అరగంట చూశాం. ఒక్క తప్పు లేదు. ఆరు గంటలే ఎందుకంటే ఆ వేళకు ఫ్యాక్టరీ పని మొదలవదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మే 10న ఆయన నివేదిక మీద సంతకం చేశాడు: మా స్విచ్ నిర్దోషి, బయటి అతుకులో లోపం. నా పుస్తకంలోని రోజువారీ మొత్తాలను దానికి జతచేశాం. పదకొండో తేదీ నుంచి ఏసోబును పనిలోకి రావద్దన్నారు. ఇరవై మూడున విచారణ. అందులో తప్పు తేలితే పేరు కొట్టేస్తారు. ఒక చోట చెడ్డ అతుకు వేశాడన్న ముద్ర పడితే ఈ జిల్లాలో ఇంకో సంస్థ అతన్ని తీగ ముట్టుకోనివ్వదు.

మే 13, శనివారం పదకొండు గంటలకు ఏసోబు మా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. మంకీ క్యాప్‌లో ఉన్న బాషా సార్‌ను చూసి అంత బాధలోనూ నవ్వాడు.

"సార్‌కు ఈడ కాశ్మీరం, మాకి ఆడ ఎర్రగుంట్ల," అన్నాడు నాతో.

"ఎగతాళి చేసేకి వచ్చినావా, ఏమప్పా?" అన్నాడు సార్.

"లేదు సార్. ఒగ మాట అడిగి పోదామని. నా అతుకు చెడ్డదైతే పొద్దున, మాపటేళ గూడ చెడ్డగానే ఉండల్ల గదా? నిన్న కాటా కాడికి పోయినా. లారీ డ్రైవర్లు ఏమంటాండారంటే, మధ్యాన్నం అన్నం తినే యాళకే ఆగిపోతాండాదంట. పన్నెండున్నర నుంచి రెండు దాంక. తర్వాత దానంతట అదే సక్కగా అయితాదంట. వాళ్లు గూడ అలవాటు పడినారు, ఆ యాళకి లారీలు పక్కనపెట్టి అన్నానికి పోతాండారు."

బాషా సార్ సోంపు నమలడం ఆపాడు. "మే 2న ఫోను ఎన్నింటికొచ్చింది సుబ్బమ్మా?"

"ఒంటిగంటా నలభై."

"మిగతా రోజుల్లో తప్పులు ఎన్ని గంటలకొచ్చినాయి?"

నేను పుస్తకం తెరిచాను. నా చక్కటి చేతిరాతలో రోజుకొక మొత్తం ఉంది. గంట లేదు. ఇరవై నాలుగు గంటలనూ కూడి ఒక గడిలో పెట్టాను, ఆ కూడికలోనే వేళ మునిగిపోయింది. "మొత్తమే ఉంది సార్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు ఎట్లాగూ వినపడదు. రెండోసారి చెప్పాను.

ఏసోబు తలుపు దగ్గరి నుంచే మెల్లగా అన్నాడు. "మీరు పరీక్ష పెట్టింది తెల్లార్తో ఆరింటికంట గదా సార్. మధ్యాన్నమొచ్చే దొంగకి పొద్దున కాపలా కాసినట్లుండాది."

బాషా సార్‌ను ఆ గదిలో అంతమాట అన్నవారు లేరు. నేను తల వంచుకున్నాను. సార్ మాత్రం "కూర్చోప్పా," అన్నాడు. తన కుర్చీ జరిపి ఇచ్చాడు. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోగా నేను చూడలేదు.

తర్వాత లోపలి దారుల లెక్కల తెర తెరిచాడు. నేను మూడేళ్లలో ఎన్నడూ చూడని తెర. ఎనిమిది దారులు, ఎనిమిది సున్నాలు. "సున్నాలే ఉండాయే," అని నా వైపు తిరిగాడు. "పొద్దున ఎవురన్నా అన్నీ తుడిసినారా?"

"నేనే సార్. రోజూ. ఒకే ఆదేశంతో."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. క్యాప్ సర్దుకుని, ఎప్పుడూ మాట్లాడేదానికంటే నిదానంగా అన్నాడు. "జరమొచ్చినోనికి పొద్దున్నే తానం చేపిచ్చి, ఒళ్లు సల్లగుండాదని రాసుకున్నట్లయిందమ్మా. నేనేమో ఆ రాత సూసి వైద్యం చేసినా." మళ్లీ తనే అన్నాడు. "ఈ పొద్దుతో సరి. సోమవారం నుంచి తుడిసేది లేదు. గంటకొకసారి రాయి. మధ్యాన్నం పది నిమిషాలకొకసారి రాయి. అంకె ఒగటే కాదు, ఆ గంటకి ఈ గదిలో ఏమేమి జరుగుతాదో అదంతా రాయి."

మే 15, సోమవారం. సున్నా కొట్టకుండా రోజు మొదలుపెట్టడం నాకు ముఖం కడుక్కోకుండా బయటికి వచ్చినట్టు అనిపించింది. వేలు ఆ మీట దగ్గరికి రెండుసార్లు పోయింది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ రాయమన్నాడు కాబట్టి అన్నీ రాశాను. కరెంటు పోయిన వేళ, జనరేటర్ మొదలైన వేళ, సార్ లేచిన వేళ. ఆ వేసవిలో మే మొదటి నుంచి రోజూ పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు కోత. మా జనరేటర్ రెండు ఏసీలను లాగలేదు, అందుకని ఆ రెండు గంటలూ ఒకటి ఆపేసేవాళ్లం. అది ఎంత మామూలు సంగతంటే దాన్ని ఎవరూ సంగతిగా లెక్కపెట్టలేదు.

సోమ, మంగళవారాల రాతల్లోంచి ఏ రోజు పొద్దుటి అంకెను ఆ రోజుకు తీసివేసి, పక్కపక్కన పెట్టుకుని చూశాను. పన్నెండుకు సున్నా. పన్నెండున్నరకు రెండు. ఒంటిగంటకు అరవై ఒకటి. ఒంటిగంటన్నరకు మూడు వందల నలభై. రెండుంపావు దాటాక అంకె కదలడం లేదు. రెండో రోజూ దాదాపు అంతే. రెండు రోజుల్లోనూ అంకె కదలడం మొదలైన చోట, పక్క గడిలో, నేనే రాసిన ఒక మాట ఉంది. మొదటి రోజు 12:25కు, రెండో రోజు 12:30కు: "సార్ క్యాప్ తీశారు."

పుస్తకం ఆయన ముందు పెట్టి వేలితో చూపించాను. ఆయన చదివి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని తడుముకున్నాడు. అప్పుడు టైము 2:20, గది ఇంకా పూర్తిగా చల్లబడలేదు. క్యాప్ నెత్తి మీద లేదు, బల్ల మీద ఉంది.

"అరె," అన్నాడు. "నా తలకి తెలిసింది నాకి తెలీలేదే." తర్వాత కిటికీ దగ్గరికి పోయి బయట ఎండలోకి చూస్తూ అన్నాడు. "మూడడుగుల లోతులో ఉండే తీగకి పన్నెండుకు ఎండెక్కి రెండుకు దిగుతాదామ్మా? ఈ తప్పు ఎండలో లేదు. నీడలో, ఈ గదిలోనే ఉండాది."

మరుసటి రోజు, మే 17, బుధవారం. ఫ్యాక్టరీకి ఫోను చేసి ఒంటిగంట నుంచి ఇరవై నిమిషాలు లైను ఆపుతామని అడిగాడు. అవతలి మనిషి గొణిగాడు. "ఎట్లాగూ ఆ యాళకి ఆగిపోతాండాది గదా సార్, మీరు ఆపేదేంది కొత్తగా," అన్నాడట. బాషా సార్ ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. ఏసోబును పిలిపించాడు. ముగ్గురం స్విచ్ ముందు నిలబడ్డాం. గది ఉక్కగా ఉంది, కాగిన ప్లాస్టిక్కు వాసన వస్తోంది. సార్ ఎర్రగుంట్ల తీగను ఊడదీసి ఏసోబు చేతిలో పెట్టాడు. "పట్టుకో. ఇది నీ చేతిలో ఉండంగ లైనులో తప్పొస్తే అది నీది కాదు." మూరెడు తీగతో పోర్టును పోర్టుకే కలిపాడు. అక్కడి నుంచి అంకె ఎంత పెరిగిందో నేను నిమిషానికొకసారి చదివాను. ఒంటిగంటా రెండుకు తొమ్మిది. ఒంటిగంటా ఐదుకు ముప్పై ఒకటి. ఒంటిగంటా పన్నెండుకు నూట ఎనభై. నలభై కిలోమీటర్ల తీగ ఏసోబు చేతిలో ఊరికే ఉంది. తప్పులు మా దగ్గర పెరుగుతున్నాయి.

ఏసోబు ఆ తీగ కొసను దుమ్ము తగలకుండా అరచేతిలో దాచుకుని నిలబడ్డాడు. పనిలోంచి తీసేసినా అతని చెయ్యి పని మరచిపోలేదు.

సార్ లోపలి తెర తెరిచాడు. ఏడు దారుల ఎదుట సున్నాలు. ఐదో దారి ఎదుట అంకె పెరుగుతోంది. కార్డు వేడెక్కినప్పుడల్లా ఆ ఒక్క దారి తడబడి తన ముక్కను తప్పుగా అందిస్తోంది, దానితో కూరిన పొట్లం మొత్తం చెడుతోంది. ఆ కార్డు మీద ఎర్రగుంట్ల లైను ఒక్కటే ఉంది కాబట్టి మిగతా లైన్లకు ఈ సెగ తగల్లేదు. నిజానికి తప్పులు ఒక హద్దు దాటితే ఆ దారిని తనంతట తానే మూసుకునే ఏర్పాటు చిప్పులోనే ఉంది. లైన్లు ఆగినట్టు నెలవారీ లెక్కలో కనపడకూడదని ఎవరో ఆ హద్దును ఎక్కడికో పెంచేసి పెట్టారు. "కాలు ఇరిగినోనికి నొప్పి తెలీకుండా సూదేసి పరిగెత్తించినట్ల," అని సార్ పళ్లు కొరికాడు. ఐదో దారిని ఆయనే మూసేశాడు. మిగతా ఏడింటి మీదే సమాచారం పంచుకోమని చిప్పుకు చెప్పాడు. నన్ను చదవమన్నాడు. అంకె నిలబడిపోయింది. ఒంటిగంటా ఇరవైకి అదే అంకె. తీగ మళ్లీ కలిపాక, ఒంటిగంటన్నరకూ అదే అంకె. లైను వేగం కొద్దిగా తగ్గింది. అది ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియలేదు.

"ఎనిమిదిలో ఒగటి పాయె గదా సార్," అన్నాడు ఏసోబు.

"అబద్ధం చెప్పేదాన్ని కూర్చోబెడితే, నిజం చెప్పే ఏడింటి మాట ఇనపడతాదప్పా," అన్నాడు సార్.

ఆ సాయంత్రం ఆయన పెద్దాఫీసుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. జూన్ 30 దగ్గర పడుతోంది. తన సంతకాన్ని తనే కొట్టేసుకునేవాడికి ఇంకో ఏడాది ఇస్తారా అన్నది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నేను అన్నాను. "సార్, రిపోర్టు నా పుస్తకం చూసి రాసిందే కదా. నా పుస్తకం తప్పని రాయండి. నేను ఆపరేటరును, నన్ను పెద్దగా ఏమీ అనరు. మీ మీదికి రాదు."

కలం కింద పెట్టాడు. "తెల్లార్తో పరీక్ష పెట్టమని నీ పుస్తకం చెప్పిందా?"

"లేదు సార్."

"ఎవురికీ ఇబ్బంది లేని యాళ సూసుకున్నా. ఇబ్బంది ఉండే యాళకే గదా తప్పు ఉండేది. అది నా గలత్. నీ తప్పు నువ్వు రాసుకో, నా తప్పు నేను రాసుకుంటా. ఒగరి దాంట్లోకి ఒగరు దూరేది వద్దు."

ఒకే కాగితం మీద ఇద్దరం రాశాం. ఆయన నాలుగు వరుసలు, నేను రెండు: ప్రతి ఉదయం అన్ని లెక్కలూ సున్నా చేసింది నేను, వేళలు రాయనిది నేను. కింద రెండు సంతకాలు. ఆయన ఆ కాగితాన్ని మడిచేముందు జేబులోంచి సోంపు తీసి కొంచెం నా చేతిలో వేశాడు. మూడేళ్లలో మొదటిసారి.

మే 23, మంగళవారం, హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి విచారణ పెట్టాడు. నేను పది నిమిషాల రాతలు చూపించాను. మధ్యాహ్నం దాకా కూర్చోమని సార్ ఆయన్ను బతిమాలి కూర్చోబెట్టాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలపాటు ఐదో దారి తెరిచాడు, అంకె కదిలింది, మూశాడు, ఆగింది. అధికారి చెమట తుడుచుకుని, "ఈ గదిలో ఇంత వేడిగా ఉందేమిటి?" అన్నాడు. ఏసోబు నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేక తలలు తిప్పుకున్నాం. ఇరవై నాలుగో తేదీ ఉదయం ఏసోబు పనిలోకి వచ్చాడు. జూన్ 12న కొత్త కార్డు వచ్చింది, ఎనిమిది దారులూ తెరుచుకున్నాయి.

జూన్ 30న బాషా సార్‌కు కాగితం రాలేదు. కారణం ఎవరూ రాయలేదు. కర్నూలు బస్సు ఎక్కించడానికి నేనూ ఏసోబూ పోయాం. ఏసోబు ఆయన పెట్టె బస్సు మీద పెట్టించి దిగి వచ్చి, "నా వల్లనే గదా సార్," అన్నాడు. "నీ వల్ల కాదప్పా, నిజం వల్ల. దానికి ఎంతో కొంత ఇయ్యల్ల," అన్నాడు సార్. తర్వాత కిటికీలోంచి నా వైపు తల పెట్టి, సరిగా వినపడే కుడి చెవి చూపించి, "ఎట్లుండాది సుబ్బమ్మా?" అన్నాడు.

"బస్సు పదకొండు నిమిషాలు లేటు సార్," అన్నాను.

ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు.

కర్నూలులో ఆయన పదో తరగతి తప్పిన ఆడపిల్లలకు యంత్రాల పని నేర్పే చిన్న బడి పెట్టాడు. రెండుసార్లు పోయి చూశాను. గోడ మీద బొగ్గుతో రాసి ఉంది: "ముందు రాయి, తర్వాత తుడువు." 2012 జనవరిలో పోయాడు. ఆ బడిలో చదివిన ఇద్దరు మా గదిలోనే చేరారు, నా చేతి కిందే. మా సంస్థలో అప్పటికి గంటగంట రాత నియమమైంది. దారుల హద్దులు మళ్లీ సరైన చోటికి వచ్చాయి. నేను 2014 మార్చి 31న మానుకునేదాకా ఆ స్విచ్‌లో దోషం మోస్తున్న దారి ఏదీ దాగి ఉండలేదు, పుట్టిన పూటే దొరికింది. ఇప్పటికీ ఎవరైనా నాతో ఫలానా మనిషి చెడ్డవాడు అంటే, నా నోట వచ్చే మొదటి మాట, "ఎప్పుడు? ఆ వేళకు నువ్వెక్కడున్నావు?" అని. నాకు కోపం వచ్చినప్పుడు కూడా ముందు నా పోర్టును నాకే కలిపి చూసుకుంటాను. చాలాసార్లు అంకె కదులుతుంది.

ఇక పోయినవాటి లెక్క. మే 2 నుంచి 17 వరకు చెడిపోయిన పొట్లాలు, నా పుస్తకం ప్రకారం, 8,912. ఒక కార్డు. ఎనిమిదిలో ఒక దారి, ఇరవై ఆరు రోజులు. ఏసోబుకు పని లేని రోజులు పదమూడు. అనవసరంగా విప్పించిన మంచి అతుకులు రెండు. 2003 ఆగస్టు 11 నుంచి 2006 మే 13 వరకు, ఆదివారాలు 143, నా సెలవులు 41 పోగా, ఏం జరిగిందో చూడకుండా నేను తుడిచేసిన ఉదయాలు 823. బాషా సార్ ఉద్యోగం ఒకటి. మూడోసారి వేసిన అతుకు ఈ లెక్కలోకి రాదు. అది పోలేదు.